అరగంటకు అయిదు స్టార్లు, మిగతా ఇరవై రోజులకు రెండు

ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు కండక్టరుగా చేశాను. కర్నూలు–ఆదోని ఎక్కువ, చివరి మూడేళ్ళు శ్రీశైలం ఘాట్. బస్సెక్కిన ప్రతివాడూ ఏదో ఒక కంప్లయింట్ చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. ఇప్పుడు సీట్లో కూర్చున్నది నేను. ఈసారి నేను చెప్తా, మీరు వినండి.

రాస్తున్నది కర్నూల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డే కేర్ వార్డు గురించి. పెద్దపేగు క్యాన్సరుకు అక్కడ ఇమ్యునోథెరపీ ఎక్కించుకుంటున్నాను. మందు పేరు పెంబ్రోలిజుమాబ్, యాంటీబాడీ రకం, ఇరవై ఒక్క రోజులకొకసారి. మొదటిది 2024 మార్చిలో, ఇప్పటికి పద్దెనిమిది విడతలు. ఆసుపత్రి పేరు మాత్రం రాయను. సగం దాకా మెచ్చుకుని తర్వాత తిట్టబోతున్నాను, పైగా వచ్చే గురువారం మళ్ళీ అక్కడికే పోయి చెయ్యి చాపాలి.

నా కథ పొట్టిగా. రిటైరైన రెండేళ్ళకు, 2022లో, మనవణ్ణి ఎత్తుకుని కొండారెడ్డి బురుజు మెట్లెక్కుతుంటే సగంలోనే కూలబడ్డాను. వయసనుకున్నాం. రక్తం చూస్తే ఏడు. వెతగ్గా వెతగ్గా కుడివైపు పెద్దపేగులో గడ్డ దొరికింది. ఆగస్టులో ఆపరేషన్, తర్వాత కీమో. ఆ కీమో రోజుల్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే కరెంటు షాక్ కొట్టినట్టు వేళ్ళు జివ్వుమనేవి, చల్లటి మజ్జిగ తాగితే గొంతు పట్టేసేది. అయిపోయిందనుకున్నాక 2024 జనవరి స్కాన్‌లో కాలేయం మీద రెండు మచ్చలు. ఒకటి 3.8 సెంటీమీటర్లు, రెండోది 2.1.

మందు సంగతి తర్వాత, ముందు పరీక్ష సంగతి. టికెట్ లేకుండా ఈ బస్సెక్కనివ్వరు. ఎక్కించకూడదు కూడా.

కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల నకలులో తప్పులు పడతాయి. ఆ తప్పులు దిద్దే ఏర్పాటును ఎంఎంఆర్ అంటారు. దాని ప్రొటీన్లలో నాలుగింటిని ఈ పరీక్షలో వెతుకుతారు: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. గడ్డలో ఇవి కనిపించకపోతే తప్పులు గుట్టగా పేరుకుంటాయి, ఆ కణం మన ఒంటికి పరాయిదానిలా కనిపిస్తుంది. ఈ మందు పట్టు దొరికేది అక్కడే. రిపోర్టులో దీన్ని డీఎంఎంఆర్ అని గానీ ఎంఎస్ఐ-హై అని గానీ రాస్తారు. పెద్దపేగు క్యాన్సర్ వేరేచోటికి పాకినవాళ్ళలో ఇది ఉండేది నూటికి నలుగురైదుగురికే. మిగతావాళ్ళకు ఈ మందు ఒక్కటే ఎక్కిస్తే సాధారణంగా ఫలితం ఉండదు, డబ్బు మాత్రం పోతుంది.

పరీక్షకు కొత్తగా ముక్క తియ్యక్కర్లేదు. ఆపరేషన్‌లో తీసినదాన్ని మైనంలో పొదిగి ల్యాబులో దాస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. నేనే పోయి సంతకం పెట్టి తెచ్చుకున్నాను. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. తెల్లటి మైనం, మధ్యలో గోరంత గోధుమరంగు ముక్క. అది నేనే. ఇంటికి తెస్తే మా ఆమె, "దాన్ని దేవుని గూటి పక్కన పెట్టొద్దయ్యా," అంది. ఒక రాత్రంతా టీవీ మీద పెట్టుకున్నాం. పరీక్షకు కొన్ని వేలు, ఫలితానికి వారం. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ లేవని వచ్చింది.

మొదటి కంప్లయింట్ ఇక్కడే, అదీ ఈ వార్డు మీద కాదు. ఇదే ముక్క మీద ఇదే పరీక్ష 2022లోనే చేయించి ఉండొచ్చు. ఆపరేషన్ చేసిన చోట ఒక్కరూ చెప్పలేదు. మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ బయాప్సీ జరిగితే "ఎంఎంఆర్ టెస్ట్ చేశారా సార్?" అని అడగండి. ఆ ఒక్క ముక్క చాలు, వాళ్ళకు అర్థమవుతుంది.

రిపోర్టు చూసి డాక్టరు గారు మందు ఊసెత్తలేదు, మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మా అమ్మ నలభై ఏడేళ్ళకు గర్భసంచి క్యాన్సరుతో పోయింది, ఆమె తమ్ముడు కడుపులో గడ్డతో పోయాడు. మేమంతా గ్రహచారం అనుకున్నాం. రక్త పరీక్షలో దానికి లించ్ సిండ్రోమ్ అని పేరొచ్చింది, వంశంలో దిగే జన్యు లోపం. పిల్లలకు రావడానికి సగానికి సగం అవకాశం. బెంగళూరులో ఉన్న మా వాడికీ ఆ జన్యువే వచ్చింది. ముప్పై మూడేళ్ళకే కొలనోస్కోపీ చేయించుకుంటే చిన్న పాలిప్, అంటే పేగు లోపలి బుడిపె, ఒకటి కనబడింది, తీసేశారు. ఈ రివ్యూలో దేనికీ లెక్కలు కట్టి స్టార్లు ఇవ్వలేను గానీ, నాకు దీనికంటే పెద్ద లాభం ఇంకోటి లేదు.

ఇక మందు ఏం చేస్తుందంటే, నా భాషలో చెప్తా. ఒంట్లో టీ కణాలని చెకింగ్ స్క్వాడ్ ఉంటుంది. స్టాఫ్ పాస్ చూపిస్తే స్క్వాడ్ ఏమీ అనకుండా ముందుకు పోతుంది, లేకపోతే సొంత మనుషుల్నే దింపేస్తుంది కదా. క్యాన్సర్ కణం దొంగ పాస్ చేయించుకుంటుంది. దాని పేరు పీడీ-ఎల్1. స్క్వాడ్‌లో పాస్ చూసే కన్ను పీడీ-1. ఈ యాంటీబాడీ పోయి ఆ కంటికి గంత కడుతుంది. ఇక పాస్ చెల్లదు, అందరినీ టికెట్ అడగాల్సిందే. ఆ కన్నును 1992లో గుర్తించింది జపాన్‌లో తసుకు హోంజో బృందం. 2018లో ఆయనకూ, ఇలాంటి ఇంకో అడ్డును తొలగించే దారి చూపిన అమెరికా ఆయన జేమ్స్ ఆలిసన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. మా వాడు చెప్పాడు, డాక్టరు గారు అవునన్నారు.

గంత కట్టాక అసలు స్టాఫ్‌ను కూడా దింపేస్తారు. ఆ సంగతి కింద వస్తుంది.

ఇప్పుడు వార్డు. రెండో అంతస్తు, ఎనిమిది వాలు కుర్చీలు. కిటికీ పక్కది కావాలంటే తొమ్మిదికల్లా ఉండాలి. ఏసీ గాలి నేరుగా మూడో కుర్చీ మీద పడుతుంది, అది తీసుకోవద్దు. ముందు రక్తం తీస్తారు. కాలేయం, కిడ్నీ, థైరాయిడ్ లెక్కలు చూసి డాక్టరు గారు సరేనంటేనే మందు కలుపుతారు.

సిస్టరమ్మకు ఇవ్వాల్సింది అయిదు కాదు, ఆరు. మా కడపవైపు పిల్ల. థర్మాకోల్ పెట్టె తెచ్చి నా ముందే విప్పుతుంది. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. రెండు చిన్న సీసాలు, ఒక్కోటి 100 మిల్లీగ్రాములు, 4 మిల్లీలీటర్లు. రెండూ కలిపితే 8 మిల్లీలీటర్లు, చెంచాన్నర. "పెద్దాయనా, సీలు చూసుకోండి, డేటు చదవండి," అని అద్దాలు పెట్టుకునేదాకా ఆగుతుంది. వెలుతురుకు ఎత్తి చూపిస్తుంది. నీళ్ళలా ఉండొచ్చు, కొంచెం పసుపు ఛాయ ఉండొచ్చు, నలకలు మాత్రం ఉండకూడదు. సెలైన్ సంచిలో కలిపాక దాన్ని కుదపదు. పసిబిడ్డను పక్కకు తిప్పినట్టు అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతుంది. కుదిపితే ప్రొటీన్ చెడిపోతుందట. గొట్టంలో సన్నటి ఫిల్టరు ఉందా లేదా అని నేను కూడా చూసుకుంటాను, టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌లో రోల్ ఉందా అని చూసుకున్నట్టు. సీసా మీది స్టిక్కరు పీకి నా ఫైల్లో అంటిస్తుంది, ఖాళీ సీసా లేబుల్ మీద పెన్నుతో అడ్డగీత కొడుతుంది. అంత ఖరీదైన మందుకు ఇది చాలా ముఖ్యం. ఖాళీ సీసాలు ఎక్కడికి పోతాయో అడగని పేషెంటు అమాయకుడు.

అరగంట. అంతే. సూది గుచ్చినప్పటి చురుక్కు తప్ప ఇంకేమీ తెలియదు. వాంతి లేదు, జుట్టు పోలేదు. కింద క్యాంటీన్లో ఉగ్గాని తిని ఇంటికి పోవడమే. ఉగ్గాని బాగుంటుంది. బజ్జీ జోలికి పోవద్దు, నూనె నిన్నటిది.

మా ఆమె మొదటి రోజే అడిగింది, "ఇది దేంతో చేస్తారమ్మా?" అని. చైనా చిట్టెలుక అండాశయం నుంచి వచ్చిన కణాల్లో పెంచుతారని సిస్టరమ్మ నిజం చెప్పేసింది. శనివారం మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. అప్పట్నుంచి ఎన్ని డేట్లు మారినా శనివారం పడకుండా మా ఆమే చూసుకుంటుంది.

పక్క కుర్చీలో కూర్చునే ఎమ్మిగనూరు అన్నది కూడా పెద్దపేగే. ఆయన మందు చివర కూడా 'మాబ్' ఉంటుంది, బెవాసిజుమాబ్. "మనిద్దరిదీ ఒకటే కదన్నా, నీకు కీమో లేదు, నాకెందుకు పెట్టినారు?" అని ఆయన గొడవ. ఒకటి కాదు. మాబ్ అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంతవరకే పోలిక. ఆయనది గడ్డకు కొత్త రక్తనాళాలు మొలవకుండా ఆపేది, సాధారణంగా కీమోతో కలిపే ఇస్తారు. కొందరికి సెటుక్సిమాబ్ ఇస్తారు, అది కణం పెరగమని చెప్పే సిగ్నల్‌ను అందుకునే ఈజీఎఫ్ఆర్‌ను మూసేది. నాది మాత్రమే స్క్వాడ్ గంత తరహా. బోర్డు మీద ఆఖరి రెండక్షరాలు చూసి బస్సెక్కితే ఎక్కడ దిగుతామో!

వాట్సాప్‌లో తిరిగే ఇంకో సంగతి. "న్యూయార్క్‌లో 12 మందికి ఇస్తే 12 మందికీ క్యాన్సర్ మాయం" అని. అబద్ధం కాదు. 2022లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఫలితం అది, మందు డోస్టార్లిమాబ్, ఆరు నెలలు ఇచ్చారు. కానీ ఆ 12 మందిదీ మలాశయ క్యాన్సర్, దూరంగా పాకనిది, అందరిదీ నాలాంటి డీఎంఎంఆర్ రకమే. ఫార్వర్డ్‌లో ఆ మూడు ముక్కలు ఎగిరిపోతాయి. దాన్ని పట్టుకుని మా తోడల్లుడు ఊపిరితిత్తుల పేషెంటును వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు, సీసా ఎక్కడ దొరుకుతుందని.

నా మందు లెక్క కూడా చెప్పాలి. కీమోతో పోల్చి చేసిన పెద్ద పరిశీలనలో నాలాంటి 307 మంది ఉన్నారు. జబ్బు పెరగకుండా ఆగిన కాలం మధ్యస్థంగా కీమోలో 8.2 నెలలు, దీనిలో 16.5. తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు కీమోలో నూటికి 66 మందికి, దీనిలో 22 మందికి. కానీ దాదాపు నూటికి 29 మందికి మందు మొదటి నుంచే పట్టక జబ్బు పెరిగింది, కీమోలో అది 12 మందికే. అంటే టెస్ట్ కుదిరినా గ్యారంటీ లేదు. డాక్టరు గారు ఈ మాట మొదటి రోజే కాగితం మీద రాసి చెప్పారు, అందుకు ఆయనకు దణ్ణం.

డబ్బు. రెండు సీసాల బిల్లు లక్షల్లోనే. ఈ మందు మీద జీఎస్టీని 2021 సెప్టెంబరులో 12 శాతం నుంచి 5కు తగ్గించారు, తగ్గించినా పింఛనుతో అయ్యే పని కాదు. మా వాడి కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులూ ఉన్నారు, అదే కాపాడింది. కౌంటర్లో మొదటి రోజు, "ఇరవై నాలుగు గంటలు అడ్మిట్ కాలేదు కదా, క్లెయిమ్ రాదు," అన్నారు. మా వాడు ఫోన్లోనే పట్టుకున్నాడు. మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజక్షన్ రూపంలో ఇచ్చే ఇమ్యునోథెరపీని ఆధునిక చికిత్సల జాబితాలో ఇన్సూరెన్సు కంపెనీలను నియంత్రించే ఐఆర్డీఏఐ పెట్టింది, డే కేర్ అయినా పాలసీ కవర్ చేయాలి. అయితే కంపెనీ దీనికి వేరే పరిమితి పెట్టుకోవచ్చు. మీ పాలసీ కాగితంలో ఆ పరిమితి ఎంతో ముందే చూసుకోండి. తయారీ కంపెనీ సహాయ పథకం ఉందా అని ఫార్మసీలో కూడా అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

అప్రూవల్ మాత్రం ప్రతి విడతకూ మళ్ళీ మొదటి నుంచే. మూడోసారి పొద్దున తొమ్మిదికి పోయి కూర్చుంటే మందు ఎక్కింది సాయంత్రం నాలుగుకు. ఏడు గంటలు కూర్చోబెట్టి అరగంట ప్రయాణం! మా రోజుల్లో ఇట్లాంటి సర్వీసుకు జనం బస్సు అద్దాలు పగలగొట్టేవాళ్ళు. ఇప్పుడు ముందురోజే కాగితాలు మెయిల్ చేయిస్తున్నాం, పదకొండుకల్లా అయిపోతోంది.

మే నెలలో నాకు చలి మొదలైంది. కర్నూలు ఎండ ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు, రోడ్డు మీద కుక్క కూడా నిలబడదు. ఆ ఎండలో ఫ్యాన్ ఆపుకుని దుప్పటి కప్పుకున్న మనిషిని ఊళ్ళో నేనొక్కణ్ణే. మనిషి మొద్దుబారిపోయాడు, మలబద్ధకం, ముఖం ఉబ్బు. మా ఆమె దిష్టి తీసింది. వార్డులో తీసిన రక్తంలో టీఎస్హెచ్, అంటే థైరాయిడ్ మందగిస్తే పెరిగే లెక్క, బాగా ఎక్కువగా వచ్చింది. స్క్వాడ్ పోయి థైరాయిడ్‌ను దింపేసింది. రోజూ పొద్దున పరగడుపున ఒక మాత్ర, బహుశా బతికినంతకాలం. ఇది మాత్రం వాళ్ళు టైముకు పట్టుకున్నారు, మెచ్చుకోవాలి.

పేగు సంగతిలో పట్టుకోలేదు. నా అసలు కోపం ఇదే.

జూలై ఆఖర్లో, ఏడో విడత అయిన తొమ్మిదో రోజు, శనివారం. మధ్యాహ్నం నుంచి విరేచనాలు, రాత్రికి ఏడుసార్లు. ఆఖరి రెండుసార్లు జిగురు, కొంచెం రక్తం. పదకొండున్నరకు ఫైలు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది సెక్యూరిటీ అతను. "వార్డు సాయంత్రం ఆరుకే మూసేస్తారు సార్, ఓఆర్ఎస్ తాగండి, పొద్దున రండి." పాపం అతని తప్పేముంది, తనకు తెలిసింది చెప్పాడు. ఆదివారం ఎమర్జెన్సీకి పోతే డ్యూటీ డాక్టరు కుర్రాడు బయట తిండి తిన్నారా అని అడిగి, యాంటీబయాటిక్, విరేచనాలు ఆగే మాత్ర రాశాడు. నేను "ఇమ్యునోథెరపీ ఎక్కించుకుంటున్నా నాయనా" అన్నాను. "ఆ, కీమోకు అవుతుంటాయి," అన్నాడు. ఆ అబ్బాయికి రెండూ ఒకటే.

మా డాక్టరు గారు హైదరాబాదు నుంచి మంగళ, గురువారాలు వస్తారు. మంగళవారం దాకా నేను బాత్రూంలోనే కాపురం. నాలుగు కిలోలు పోయాను. ఆయన చూసీ చూడగానే అడ్మిట్ చేసి, చిన్న గొట్టంతో లోపల చూసి, ముక్క తీయించి, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పారు: కీమో విరేచనాలు వేరు, ఇవి వేరు. ఇవి మన సొంత సైన్యమే పేగు లోపలి పొర మీద పడటం వల్ల వచ్చేవి. ఆపే మాత్రతో మూతేస్తే లోపల మంట పెరుగుతూనే ఉంటుంది, ముదిరితే పేగుకు చిల్లు పడొచ్చు. ఇదే మాట శనివారం రాత్రి ఎవరైనా చెప్పి ఉంటే మూడు రోజులు మిగిలేవి. స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ అయిదు వారాలు వాడాను. ఎనిమిదో విడత అక్టోబరులో గానీ పడలేదు.

నా లెక్క అందుకే అట్లా వేశాను. అరగంట మందెక్కించడానికి అయిదు స్టార్లు. మిగతా ఇరవై రోజులు పేషెంటు ఇంట్లో ఉంటాడు. ఈ మందు చేసే అల్లరంతా ఆ ఇరవై రోజుల్లోనే, వార్డు తలుపు వేసి ఉన్నప్పుడే. దగ్గు, ఆయాసం, విరేచనాలు, కళ్ళు పచ్చబడటం, ఒంటి మీద దద్దుర్లు, తలతిరుగుడు, ఏది వచ్చినా ఇది మామూలుదేలే అనుకునే హక్కు మనకు లేదు. ఆ సంగతి ఎక్కించే ముందు తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. నాకు ఇచ్చింది పదహారు పేజీల ఇంగ్లీషు సమ్మతి పత్రం, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కు పెట్టి.

స్టెరాయిడ్ రోజుల్లో నిద్ర పట్టదు. ఒక రాత్రి మూడింటికి లేచి నా కార్డు నేనే రాసుకున్నాను. "నాకు పీడీ-1 ఇమ్యునోథెరపీ జరుగుతోంది. ఇది కీమో కాదు. విరేచనాలు, ఆయాసం, జ్వరం ఉంటే ఇమ్యూన్ రియాక్షన్ అని అనుమానించండి. మా డాక్టరును అడగకుండా పంపించేయొద్దు." మందు పేరు, మొదటి డోసు తేదీ, ఆఖరి డోసు తేదీ, థైరాయిడ్ మాత్ర ఎంత. రాజ్‌విహార్ దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, పాత స్టాఫ్ పాస్ ఉండే కవర్లో పెట్టాను. కొలత సరిగ్గా సరిపోయింది. వార్డులో చూపిస్తే ఎమ్మిగనూరు అన్న తనకూ ఒకటి చేయించమన్నాడు. నీ మందు వేరన్నా, నీ కార్డు నీ డాక్టరుతో రాయించుకో అన్నాను.

ఫలితం అడుగుతారు కదా. నాలుగు విడతల తర్వాత స్కాన్‌లో పెద్ద మచ్చ 2.9. అక్టోబరుకు, మందు ఆపి ఉన్నా, 1.9. మొన్నటి స్కాన్‌లో 1.4, చిన్నది కనబడలేదు. పోయిందని డాక్టరు గారు అనలేదు, "కనబడలేదు" అన్నారు. నేనూ అదే మాట వాడుతున్నా. మొత్తం రెండేళ్ళ దాకా ఎక్కించొచ్చట.

కోపంగా ఆసుపత్రి మేనేజరుకు తెలుగులో రెండు పేజీల ఉత్తరం రాసి, కార్డు జిరాక్స్ జత చేసి ఇచ్చాను. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. పోయిన విడతకు సిస్టరమ్మ నా కార్డు అడిగి తీసుకుని, వెనకవైపు మార్కర్‌తో ఒక సెల్ నంబరు రాసింది. ఇక నుంచి రాత్రుళ్ళు కూడా ఒక నర్సు ఎత్తుతుందట. ఇంకా చేసి చూడలేదు.